నీలం తిరిగిన నీళ్లు

నాలుగు గంటలకు ప్రేమ్‌సాగర్‌ను నల్గొండ కోర్టులో నిలబెడతారు. ఇప్పుడు పన్నెండూ నలభై. చేతిలో ఉన్నది మూడు గంటల ఇరవై నిమిషాలు. అయినా పర్వతాలు తొందరపడే మనిషి కాదు. హోటల్ హాల్లో ఒక కుర్చీ లాక్కుని, గోడలో బిగించిన అద్దాల ట్యాంకు ముందు సినిమాకొచ్చినవాడిలా కూర్చున్నాడు.

ముప్పై ఏళ్లు పోలీసుశాఖలో వేలిముద్రలు ఎత్తి, ఏఎస్సైగా రిటైరై, నల్గొండలో జిరాక్స్ షాపు మేడ మీద డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడతను. ఆ మేడను ఇవాళ పొద్దున ఎనిమిదింటికి ప్రేమ్‌సాగర్ అక్క మెర్సీ ఎక్కింది. దవాఖానలో నైట్ డ్యూటీ దిగి నర్సు బట్టలతోనే వచ్చింది.

"చేప మేత ముట్టకపోతే తను అన్నం ముట్టనోడన్నా మా తమ్ముడు. మనిషిని సంపుతడా?" అంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే పర్వతాలును కుర్చీలోంచి లేపింది.

నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్కనున్న ఈ హోటల్ సోమన్నది. దుబాయిలో పద్నాలుగేళ్లు మాల్స్‌లో చేపల ట్యాంకులు కడిగి వచ్చి, ఉప్పునీళ్లతో, ప్రాణమున్న పగడాలతో రెండువేల లీటర్ల సముద్రాన్ని ఈ గోడలో కట్టాడు. అద్దం హాలు వైపు. ట్యాంకు మూత, పంపులు అన్నీ గోడ వెనక గదిలో. మంగళవారం పొద్దున ఏడింటికి ఆ గదిలోనే సోమన్న తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. సోమవారం రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో ప్రాణం పోయిందని డాక్టరు లెక్క. కొట్టిన ఆయుధం దొరకలేదు, సోమన్న ఫోనూ దొరకలేదు. పదింటికల్లా ట్యాంకు చూసుకునే ప్రేమ్‌సాగర్‌ను పోలీసులు జీపెక్కించి, గదికి తాళమేసి సీలు కొట్టారు. ఇవాళ శుక్రవారం.

"సోమన్న తిట్టిండని ప్రేమ్‌సాగర్ పగవట్టిండట. నిజమేనా?" అడిగాడు పర్వతాలు.

పక్కన నిలబడ్డ నిరోష కొంగు నడుముకు దోపుకుంది. ముప్పై అయిదేళ్లుంటాయి. వంటింట్లో కూరగాయల పని ఆమెది. తీరిక దొరికితే ట్యాంకు దగ్గర ప్రేమ్‌సాగర్‌కు సాయం చేసేది.

"తిట్టింది నిజమే సార్. పోయిన నెల నీళ్లల్ల ఫాస్ఫేట్ పెరిగింది. దాన్ని దించకుంటే పనిల కెల్లి తీసేస్త అన్నడు సార్ అందరి ముంగట. ప్రేమ్ ఏమన్లే. చేపల మేత సగం జేసిండు. రొయ్యలను కడిగి, ఆ నీళ్లు పారవోసి ఏసుడు వెట్టిండు. ఎర్ర గుండ నింపిన గొట్టం కొత్తది బిగించిండు. ఆ గుండ ఫాస్ఫేట్‌ను పట్టుకుంటదట. పదిహేను దినాలల్ల దించి సూపెట్టిండు. సోమన్న సారే మల్ల అందరి ముంగట శబాష్ అన్నడు."

"ఈ సంగతి పోలీసోళ్లకు చెప్పినవా?"

"తిట్టింది రాసుకున్నరు సార్. శబాష్ అన్నది రాసుకోలె."

పర్వతాలుకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది. తను పనిచేసిన శాఖే కదా, ఎరగనిదా!

"ఫాస్ఫేట్ పెరిగితే ఏమైతది?"

"నాచు లేస్తది. పగడాల మీదికి పాకుతది. పగడం గట్టివడదు, రంగు వోతది. అట్లని సున్నా కావద్దట. పాయింట్ జీరో త్రీ, జీరో ఫోర్, గాడ ఉండాలె."

గదికి సీలు పడ్డా చేపలు చావకూడదు కాబట్టి, రోజూ సాయంత్రం ఆరింటికి అయిదు నిమిషాలు నిరోష లోపలికి వెళ్లి మేత వేయడానికి సీఐ ఒప్పుకున్నాడు. కాపలా కానిస్టేబుల్ మల్లన్న పక్కనే నిలబడాలి. మేత వేసి, చిన్న సీసాలో నీళ్లు పట్టుకుని ఆమె వంటింటికి పోతుంది. పరీక్ష అక్కడ చేస్తుంది.

"గాజు గొట్టంల పోసి, సుక్కలేసి, పొడి కలిపి పది నిమిషాలు ఆగాలె. నీలం ఎంత చిక్కగైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ప్రేమ్ వచ్చేదాంక లెక్క తప్పొద్దని నేనే చేస్తున్న."

ఆమె తెచ్చిన బడిపిల్లల నోటుబుక్కును పర్వతాలు తిప్పాడు. సోమవారం సాయంత్రం ప్రేమ్‌సాగర్ చేతిరాత: 0.04. మంగళవారం నిరోష రాత: 0.04. బుధవారం: 0.5. గురువారం: 0.8.

అతని వేలు మంగళవారానికీ బుధవారానికీ మధ్య గీత మీద ఆగింది.

"ఒక్కదినంల పది రెట్లు దాటింది. మేత ఎక్కువేసినవా?"

"మీ మీద ఒట్టు సార్, ప్రేమ్ చెప్పిన కొలతే. రంగు సూసి నాకు కాళ్లు చేతులాడలే. రెండుసార్లు చేసిన. ఫోటోలున్నయి."

ఫోన్ తీసి చూపించింది. గాజుగొట్టం, పక్కన రంగుల కార్డు. పరీక్ష కాగానే ఫోటో తీసి సోమన్న నంబరుకు పంపాలన్నది ఈ హోటల్లో మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఫోటోల కింద టైమూ, చిన్న టిక్కులూ ఉన్నాయి. మంగళవారం ఆరూ ఇరవై ఒకటి. బుధవారం ఆరూ ముప్పై. గురువారం ఆరూ ఇరవై నాలుగు. అన్నీ సోమన్న పోయాక పంపినవే.

"ఆయన లేడు కదమ్మా," అన్నాడు పర్వతాలు మెల్లగా.

"తెల్సు సార్." ఆమె ఫోన్‌ను కొంగుతో తుడిచింది. "వంపకుంటే పని కానట్టే అనిపిస్తది. ఎవలకు చెప్పలే, నవ్వుతరని."

పర్వతాలు లేచి, జేబులోంచి టార్చి తీసి అద్దానికి ముక్కు ఆనించాడు. వేలిముద్రల మనిషికి కంటిచూపే ఆస్తి. ట్యాంకులో రాళ్లన్నింటి నెత్తిన ఊదారంగు పూత పట్టి ఉంది. వెలుతురు తగిలే వైపే పట్టే పూత అది. ఎడమ మూల అడుగున ఒక్క రాయి మాత్రం తెల్లటి పొట్ట పైకి చూపిస్తూ బోర్లా పడుంది. దాని చుట్టూ ఇసుక కుప్పగా లేచి ఉంది. ఎవరో ఆ రాయిని ఎత్తారు, మళ్లీ పెట్టారు, పెట్టేటప్పుడు తలకిందులు చేశారు. ప్రేమ్‌సాగర్ చేసే పొరపాటు కాదది.

పర్వతాలు వెనక గది వైపు నడిచాడు. తలుపు పక్కన కుర్చీలో మల్లన్న టిఫిన్ డబ్బా విప్పుకుని అన్నం తింటున్నాడు.

"లోపలికి ఒక్క నిమిషం పోనిస్తవా తమ్మీ?"

"సీఐ సార్ హుకుం లేదన్నా. జర ఏమనుకోకు."

"మూడు దినాల సంది ఎవలన్నా పోయిండ్రా?"

"ఈగ గూడ పోలె, గా నిరోషమ్మ తప్ప. ఆమెకు జర తిక్కనే అన్నా. సచ్చినాయినకు దినాం నీళ్ల ఫోటోలు వంపుతది!" మల్లన్న పెద్దగా నవ్వాడు. పర్వతాలు కూడా మర్యాదకు నవ్వి కదిలాడు.

కౌంటర్లో గిరి ఉన్నాడు. హోటల్లో సగం వాటాదారు. ట్యాంకు పీకేసి ఆ జాగాలో బార్ పెడదామని ఏడాదిగా పోరుతున్నవాడు, సోమన్న వద్దంటున్నవాడు. ఇది హోటల్లో అంట్లు తోమే మనిషికి కూడా తెలుసు.

"సోమారం రాత్రి తొమ్మిదింటికి ఏడున్నవ్ గిరీ?"

"తిరుమలగిరిల, మా పొలం కాడ. మంగళారం ఫోనొస్తె ఉరికొచ్చిన."

"పొలంల ఎవలన్నా సూసిండ్రా?"

"పత్తిచేను సూసింది." గిరి నవ్వబోయి, కుడి మోచేతిని గోడకేసి రుద్దుకున్నాడు. మణికట్టు నుంచి మోచేయి దాకా ఎర్రటి దద్దుర్లు.

"చేతికేమైంది?"

"దూలగొండి తాకిందన్నా, చేను ఒడ్డుమీద. నిన్న మొన్నటి సంది ఒకటే దురద."

"అయ్యో, పేడ రాయకపోయినవా," అన్నాడు పర్వతాలు సానుభూతిగా. లోపల మాత్రం అతనికి పండగయింది. మేకలు కాసిన ఇంట్లో పుట్టినవాడికి దూలగొండి సంగతి ఒకరు చెప్పాలా! ఇప్పుడు ఆగస్టు, అది ఇంకా తీగ సాగుతూ ఉంటుంది. కాయ ముదిరి నూగు రాలేది చలికాలంలో.

ఒంటిగంటా ముప్పై అయిదుకు సీఐ విజేందర్ జీపు వచ్చి ఆగింది. దిగుతూనే పర్వతాలును చూసి మొహం చిట్లించాడు.

"రిటైరైనంక మనవలను ఆడిపిచ్చుకోవాలె అన్నా. నా కేసుల నీకేం పని?"

"మనవలు బడికి వోయిండ్రు సార్. అందుకే ఇటొచ్చిన."

"రెండు గంటలల్ల ముద్దాయిని కోర్టుకు దీస్కపోతున్న. ఆయుధం ఒక్కటే తక్కువుండె. గిరి ఇప్పుడే ఫోన్ చేసిండు, వాడు ట్యాంకుల ఏమన్న దాసిండేమో సూడుమని. బుద్ధిగ సాక్షిగ నిలవడు, సూపెడ్త."

మల్లన్న తాళం తీశాడు. నిరోష పొడుగు రబ్బరు గ్లౌజులు అందించింది. "రాళ్ల కింద పురుగులుంటయి సార్. వెంట్రుకలంత సన్నటి ముండ్లు దిగుతయి. ప్రేమ్ ఇవి లేకుండ ఎన్నడూ చెయ్యి వెట్టడు," అంది. పర్వతాలు ఆమె వైపు చూసి, ఆ మాటను భద్రంగా జేబులో వేసుకున్నాడు.

విజేందర్ నిచ్చెన ఎక్కి, భుజం దాకా నీళ్లలోకి వంగి, పర్వతాలు చెప్పకుండానే, తేడాగా కనిపించిన ఎడమ మూల రాయి ఎత్తాడు. చేతికి ఒక మూట తగిలింది. బయటికి తీసి నేల మీద విప్పాడు. తెల్లటి ప్లాస్టిక్ సంచి మడతల్లో పెద్ద పైపు పానా. దాని దవడలో నాలుగు వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి.

"నేను చెప్పలేదా సార్!" అన్నాడు గుమ్మంలోంచి గిరి.

విజేందర్ మొహం వెలిగిపోయింది. "ఇంకేం కావాలె అన్నా? వాని ట్యాంకు, వాని రాయి కింద!"

పర్వతాలు గొంతుక్కూర్చుని పానాను వదిలేసి సంచిని పరిచాడు. చిరిగిన సంచి మీద పాలిపోయిన అంకెలు కనిపించాయి, 18-46 అని. కుట్ల మడతలో కరిగీ కరగని బూడిదరంగు గింజలు రెండున్నాయి.

"డీఏపీ సంచి సార్. నలభై ఆరు అంటే దేని లెక్కో ఏ రైతునడిగినా చెప్తడు. ఫాస్ఫేట్. సెంచాల సగం కరిగితే సాలు, ఈ రెండువేల లీటర్లు నీలం తిరుగుతయి."

"అయితే ఏంది?"

"మనోళ్లం ఎరువు సంచి పారెయ్యం. కడిగి వడ్లకు వాడుతం, గేదె మీద కప్పుతం, కారు డిక్కీల పరుస్తం. ఒకసారి జాడిస్తే పోయిందనుకుంటం. మూట కట్టినోడు గూడ గట్లనే అనుకున్నడు. కుట్లల్ల గింజలు పోలేదు. ఈ సంచి నీళ్లల్ల పడ్డ గడియ నుంచి ఫాస్ఫేట్ లేసింది. మంగళారం సాయంత్రం ఆరింటికి పాయింట్ జీరో ఫోర్. బుధారం ఆరింటికి పాయింట్ ఫైవ్." నోటుబుక్కు తెరిచి అతని చేతిలో పెట్టాడు. "అంటే సోమన్న సచ్చిన నాడు ఈ మూట ఈడ లేదు. మంగళారం ఆరు దాటినంకనే దీన్ని ఈడ వెట్టిండ్రు. అప్పుడు ప్రేమ్‌సాగర్ ఏడున్నడు సార్?"

విజేందర్ గోడ వైపు చూస్తూ అన్నాడు: "రికార్డు ప్రకారం వాన్ని ఇయ్యాల పొద్దుగాల బస్టాండ్ల అరెస్టు చేసినం."

పట్టుకున్న ఇరవై నాలుగు గంటల్లో కోర్టుకు తీసుకుపోవాలి. తీసుకుపోలేదు కాబట్టి తేదీ మార్చారు. ఆ మార్చిన తేదీయే ఇప్పుడు ఆ అమాయకుడికి ఉరితాడు. కాగితం మీద ప్రేమ్‌సాగర్ మంగళవారం రాత్రి స్వేచ్ఛగా తిరుగుతున్నాడు. మూట పెట్టడానికి కావలసినంత తీరిక ఉంది.

"మెర్సీ మంగళారం మధ్యాహ్నం నుంచి మీ స్టేషన్‌కు మూడు పూటలా అన్నం తెచ్చింది సార్. మీ కెమెరాలల్ల ఉంటది."

"కెమెరాలు నా చేతులనే ఉన్నయి."

"ఉన్నయి. చెరిపినా అడిగేటోడు లేడు." పర్వతాలు లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "మీ కాగితం నిజమైతే వాడు హంతకుడు. జరిగింది నిజమైతే వాడు ఇంటికి వోతడు, మీరు సంజాయిషీ రాసుకోవాలె. రెండిట్ల ఒకటే కుదురుతది. విజేందర్, నువ్వు ట్రైనింగుల ఉన్నప్పుడు మొదటి వేలిముద్ర నా పక్కన నిలవడి ఎత్తినవ్. ముద్ర కనవడకుంటే ఏం రాయమన్న?"

విజేందర్ నోటుబుక్కు మీంచి తలెత్తాడు. పదకొండేళ్ల తర్వాత పర్వతాలు అతన్ని సార్ అనకుండా పేరుపెట్టి పిలిచాడు.

"కనవడలేదని రాయమన్నవ్," అన్నాడు విజేందర్. ఫోన్ తీశాడు. "వ్యాను ఆపుండ్రి. ప్రేమ్‌సాగర్‌ను దింపుండ్రి. అరెస్టు కాగితం చింపకుర్రి, నాకు కావాలె. మంగళారం పది నుంచి స్టేషన్లనే ఉన్నడని డైరీల రాయుండ్రి. ఎవల పేరు మీదనా? నా పేరు మీదనే."

ఈ కుర్రాడి మీద పర్వతాలుకు పొద్దుటినుంచి ఉన్న కోపం ఆ నిమిషాన సగానికి పైగా కరిగిపోయింది.

"ఇగ మూట వెట్టినోన్ని సూద్దాం," అంటూ పర్వతాలు గిరి చేతిని పట్టుకుని టేబుల్ మీదికి లాగాడు. జేబులోంచి పారదర్శకమైన టేపు ముక్క చింపి, దద్దుర్ల మీద ఒత్తి, చర్రున లాగి దీపం కింద పెట్టాడు. టేపు నిండా తెల్లటి ముళ్లు. "ఆగస్టు నెలల దూలగొండి నూగు ఏడ దొరికిందయ్యా నీకు? గ్లౌజులు లేకుండ రాయి ఎత్తినవ్. పురుగు ముండ్లు దిగినయి, రాయిని బోర్లా ఏసినవ్. మీ పత్తిచేనుకు ఏసిన డీఏపీ సంచే కద?"

గిరి కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులూ టేబుల్ మీద చచ్చుబడినట్టు పడి ఉన్నాయి.

"మల్లన్నా! జీపుల బేడీలున్నయి, దీస్కరా," అని విజేందర్ తాళంచెవులు విసిరాడు. మల్లన్న అందుకుని బయటికి పరుగెత్తాడు.

పర్వతాలు ఫోన్ మోగింది. మెర్సీ. "అన్నా, దింపిండ్రు... నా పక్కనే నిలవడ్డడు," అంది. అప్పుడు ఏడ్చింది. పొద్దుటినుంచి బిగబట్టినదంతా ఏడ్చింది. గడియారం రెండూ యాభై చూపిస్తోంది.

"చేపలు ఎట్లున్నయని అడుగుతుండన్నా," అంది ఏడుపు మధ్యలోనే.

మూట తీసినప్పుడే నిరోష సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పెట్టింది, పది నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఇప్పుడు గాజుగొట్టాన్ని కార్డు పక్కన పెట్టి, "ఇంక నీలమే సార్. కొత్త ఎర్ర గుండ వెయ్యాలె, నీళ్లు మార్చాలె. మెల్లగ దింపుకోవాలె," అంటూ అలవాటు కొద్దీ ఫోటో తీసి సోమన్న నంబరుకు పంపేసింది. పంపాక నాలుక కరుచుకుంది.

పర్వతాలు కళ్లు ఆ ఫోన్ మీద ఉన్నాయి. ఫోటో కింద ఒక టిక్కు పడింది. రెండో టిక్కు పడింది. రెండూ నీలం తిరిగాయి.

"సోమన్న ఫోన్ సంగతేంది సార్?" అన్నాడు గొంతు తగ్గించి.

"సోమారం రాత్రి నుంచి బందే. టవరే దొరకలె."

"సిమ్ము తీసినోనికి టవరెందుకు? ఈ హోటల్ వైఫై సాలు. ఇప్పుడే ఎవడో మన ఫోటో సూసిండు." అతను గిరి వైపు చూశాడు. గిరి చేతులు రెండూ టేబుల్ మీదే, ఖాళీగా ఉన్నాయి. "ఇతను కాదు. గిరీ, సీలు పడ్డ గదిలకు నిన్ను పోనిచ్చినోడు ఎవడు? తాళం ఎవడు తీసిండు? సోమన్న ఫోన్ ఎవని చేతికిచ్చినవ్?"

గిరికన్నా ముందే నిరోష అందుకుంది.

"సార్," అందామె, "ఫోటోలు వంపుతున్నట్టు నేనెవలకూ చెప్పలే. వంటింట్ల కూసొని వంపిన. మీకు తప్ప ఇంకెవలకు తెల్వదు."

మల్లన్న నవ్వు పర్వతాలు చెవిలో మళ్లీ మోగింది. సచ్చినాయినకు దినాం నీళ్ల ఫోటోలు వంపుతది. చచ్చినాయన ఫోన్ చేతిలో ఉన్నవాడికి తప్ప ఆ మాట ఎలా తెలుస్తుంది? తను విన్నాడు, నవ్వాడు, వదిలేశాడు! ముప్పై ఏళ్ల అనుభవం అన్నం డబ్బా ముందు నిద్రపోయింది.

"విజేందర్, బేడీలకు ఎవల్ని వంపినవ్?"

విజేందర్ గిర్రున తలుపు వైపు తిరిగాడు. మూడు రోజులుగా ఆ తలుపుకు కాపలా ఉన్న కుర్చీ ఖాళీగా ఉంది. సగం తిన్న అన్నం డబ్బా దాని కింద అలాగే ఉంది. జీపు తాళాలు ఇచ్చింది తనే.

బయట జీపు స్టార్టయింది.